కడప తిప్పితే పడక: తెలుగు అక్షరాల పెట్టెతో ఆరు నెలలు

కడపలో కోటిరెడ్డి సర్కిల్ దగ్గర పదకొండేళ్ళుగా జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతున్నాను. వారానికి ఇద్దరు ముగ్గురైనా వచ్చి, "అన్నా, అ ఆ ఇ ఈ చార్టు ఒకటి తీసి లామినేషన్ చేసియ్యి" అంటారు. అలాంటివి ఎన్ని వందలు చేసిచ్చానో లెక్కలేదు. ఆ చార్టు గోడకు అంటించాక ఆ ఇంట్లో పిల్లలకు చదవడం వచ్చిందా రాలేదా అన్నది మాత్రం మా పాప బడికి పోయేదాకా నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

పాప నిరుడు జూన్‌లో ఎల్‌కేజీలో చేరింది. స్కూలు పేరు రాయను, చాలా చోట్ల పద్ధతి ఇదే కాబట్టి. మొదటి వారం నుంచే నోటుబుక్కు, పెన్సిలు, ఇంటికి రోజూ రెండు పేజీల రాత. దసరా సెలవులకల్లా అ నుంచి ఱ దాకా గుక్క తిప్పుకోకుండా పాటలాగా అప్పజెప్పేది. ఇంటికి ఎవరొచ్చినా నిలబెట్టి చెప్పించి మురిసిపోయేవాళ్ళం. ఒకరోజు పొద్దున పేపర్లో పెద్దక్షరాల్లో ఉన్న 'ఎ' మీద వేలు పెట్టి "ఇదేంది పాపా?" అని అడిగాను. నోరు మెదపలేదు. లేచి పోయి గోడ మీద చార్టు దగ్గర నిలబడి, మొదటి గడి నుంచి వేలు జరుపుకుంటూ పాడుకుంటూ వచ్చి, ఎ దగ్గర ఆగి, వెనక్కి తిరిగి పేపర్లోది, చార్టులోది మార్చి మార్చి చూసింది. పాపకు పాట వచ్చు, గడుల వరస వచ్చు. అక్షరం రాదు.

సంక్రాంతి దాటాక పలక కనిపించడం మానేసింది. మా అమ్మ ఇల్లు ఊడుస్తుంటే మంచం కింద, పాత దుప్పట్ల సంచి వెనకాల దొరికింది. "నువ్వు దాచినావా?" అంటే పాప కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. నాకు ఆ రోజంతా మనసు మనసులో లేదు. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళలో ఉన్న క్రీ.శ. 575 నాటి రేనాటి చోళుల శాసనమే మనకు దొరికిన తొలి తెలుగు శాసనం. తెలుగు రాతికెక్కిన జిల్లాలో పుట్టిన పిల్ల, అక్షరాలంటే భయపడి పలక దాచుకుంది.

ఆ వారమే వై.వి. స్ట్రీట్‌లో ఆటవస్తువుల షాపుకు పోయాను. ఏబీసీడీ పజిళ్ళు, ఏబీసీడీ దిమ్మెలు, ఏబీసీడీ పాటలు పాడే బొమ్మలు అరల నిండా ఉన్నాయి. తెలుగువి అడిగితే పై అరలోంచి దుమ్ము తుడిచి ఒకే ఒక్క పెట్టె దింపారు. ధర 1,450 రూపాయలు. బేరమాడితే 1,300కు ఇచ్చారు. కంపెనీ పేరు కూడా చెప్పను, కింద కొన్ని లోపాలు రాస్తున్నాను కనుక. పేరుకన్నా పెట్టెలో ఏముండాలో తెలిస్తే మీకు ఎక్కువ పనికొస్తుంది.

లోపల ఉన్నవి ఇవీ: చెక్కతో కోసిన అక్షరాలు, తలకట్టు, గుడి, కొమ్ము లాంటి గుర్తులు విడివిడిగా, ఒత్తులు ఇంకో చిన్న సంచిలో, ఇవన్నీ అంటుకునే ఇనుప పలక ఒకటి, బొమ్మ కార్డులు 56, వేలితో తడిమే గరుకు కార్డులు పది, చిన్న పుస్తకాలు పది, పాచికలాట పటం ఒకటి, ఫోన్ యాప్‌కు ఒక క్యూఆర్ కోడ్. కొనే ముందు నేను పెట్టె తిప్పి అడుగున ఐఎస్ఐ ముద్ర చూసుకున్నాను. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే పిల్లల ఆటవస్తువులకు ఆ ముద్ర తప్పనిసరి. రంగులు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో ఇది చూడకుండా ఏదీ కొనకండి.

ఈ పెట్టెకు పెట్టిన డబ్బు చెక్క అక్షరాలకూ గుర్తులకూ సరిపోయింది. మిగతావన్నీ వాటి తర్వాతే.

చార్టులో 'క' అంటే తలకట్టుతో సహా ఒకే బొమ్మ. ఈ పెట్టెలో క కి తలకట్టు ఉండదు. బోడి క ఒకటి, తలకట్టు వేరే ముక్క. పిల్ల చేత్తో తలకట్టు తీసుకుని క మీద పెడితే అప్పుడది క అవుతుంది. తలకట్టు తీసి దీర్ఘం పెడితే కా. దీర్ఘం తీసి గుడి పెడితే కి. నేను డీటీపీలో ఇన్నేళ్ళుగా ఈ అక్షరాలే కొడుతున్నా, గుడి పెట్టాలంటే ముందు తలకట్టు తీయాలన్న సంగతి మా పాప వేళ్ళను చూశాకే నా బుర్రకెక్కింది. మా అమ్మ పక్కన కూర్చుని పాపకు చెప్పింది: "తలకట్టంటే తలకు కట్టేది, మీ జేజినాయన తలగుడ్డ మాదిరి. ఒక తలకు రెండు తలగుడ్డలు కడతారా?" అంతే. ఆ తర్వాత గుడి పెట్టేటప్పుడు తలకట్టు తీయడం పాప ఒక్కసారి కూడా మరచిపోలేదు.

రెండో రోజే ఒక ప్రశ్న వచ్చింది. ల తీసుకుని, "దీనికి తలగుడ్డ ఏదీ?" అంది. ల కు ఉండదు. జ, ట, బ, ఖ, ణ లకు కూడా ఉండదు. ఆ బోడి తలల అక్షరాలన్నీ ఏరి ఒక గిన్నెలో వేసుకుంది, తలగుడ్డలవి ఇంకో గిన్నెలో. రెండు గిన్నెలూ వంటింట్లోవే. ఎవరూ చెప్పలేదు, తనంతట తనే విడదీసుకుంది. అక్షరాన్ని దాని ఆకారాన్ని బట్టి చూడడం అక్కడ మొదలైంది.

ఈ సెట్టులో ప్రతి హల్లూ రెండేసి ఉన్నాయి. షాపులో ఉండగానే ఇది నాకు నచ్చింది. ఒక్కొక్కటే ఉంటే మామ, తాత, జేజి (మా వైపు నాయనమ్మను ఇలా అంటాం) చేయలేం. ఇలాంటి సెట్లు ఒక్కొక్క అక్షరంతోనే దొరుకుతాయి చాలాచోట్ల, వాటితో చార్టు మాదిరి వరసగా పేర్చి పెట్టుకోవడం తప్ప మాట కట్టడానికి ఉండదు. అక్షరాలకు రంగు ఒక్క పక్కే వేశారు, రెండో పక్క ఉత్త చెక్క, దాంట్లోనే అయస్కాంతం. తిరగేసి పెడితే పలకకు అంటుకోదు. అందుకని న, ల లాంటివి అద్దంలో చూసినట్టు తిరగబడి కూర్చోవడం ఉండదు.

పెట్టెలో ఇచ్చిన కాగితంలో అ తో మొదలుపెట్టి వరసగా పొమ్మని ఉంది. నేను ఆ మాట వినలేదు. మన ఊరి పేరుతో మొదలుపెట్టాను. క, డ, ప. మూడక్షరాలు, మూడింటికీ తలకట్టే, గుణింతం లేదు, ఒత్తు లేదు. తెలుగు చదవడం మొదలుపెట్టే పిల్లకు ఇంతకన్నా మంచి మాట ఏ ఊళ్ళో దొరుకుతుంది! పైగా ఊళ్ళో ఎటు తిరిగినా షాపు బోర్డుల మీద, బస్సుల మీద ఇదే మాట. మూడు రోజులు ఆ మూడు ముక్కలతోనే ఆడుకున్నాం. పలక మీద పెట్టడం, తీయడం, కళ్ళు మూసుకుని తడిమి చెప్పడం, చెక్క ముక్క దిండు కింద దాచి ఏది పోయిందో కనిపెట్టడం. రాత లేదు, దిద్దడం లేదు.

నాలుగో రోజు సాయంత్రం పాప ఒక్కతే కూర్చుని పేర్చుకుంటోంది. కుడి నుంచి ఎడమకు పెట్టుకుంటూ పోయింది. నేను వంటింటి గడప దగ్గర నిలబడి సరిచేద్దామనుకుంటున్నా. పాప మాత్రం ఎడమవైపు నుంచి వేలు పెట్టి, "ప... డ... క..." అని ఆగింది. మళ్ళీ అంది. ఇంకోసారి అంది. ఒక్కసారిగా, "పడక! జేజీ, పడక!" అని అరిచింది. వాళ్ళ జేజి రోజూ రాత్రి "పడకేస్తా రా" అని పిలుస్తుంది. ఆ పడక ఇప్పుడు ఇనుప పలక మీదికొచ్చింది. ఎవరూ నేర్పని మాటను మొట్టమొదటిసారి తనే చదివింది. నాకు ఒళ్ళు పులకరించింది. మా ఆవిడ పొయ్యి ఆర్పి వచ్చింది. మా అమ్మ పాపను ఒళ్ళోకి లాక్కుంది. కడపను తిప్పితే పడక అవుతుందని నలభై ఏళ్ళు ఈ ఊళ్ళో ఉండి నేను గమనించలేదు.

ఆ తర్వాత నేర్పాల్సిన పని నాకు తగ్గింది. ఒక అక్షరం తీసి ఇంకోటి పెట్టడమే ఆట. ప తీసి న పెడితే పడక కాస్తా నడక. న తీసి త పెడితే తడక. పడకలో డ తీసి ల పెడితే పలక, ఆ దాచుకున్న పలకే. కడపలో క తీసి గ పెట్టిన రోజు మా అమ్మ దేవుని కడప సంగతి చెప్పింది. తిరుమల కొండకు పోయేవాళ్ళకు ఇది తొలి గడప, ఆ గడపే కడప అయిందని పెద్దలు చెప్తారని. పాప లేచి పోయి మా వీధి వాకిలి గడప మీద గ, డ, ప మూడు ముక్కలూ పెట్టి వచ్చింది. జడ, వడ, వల, పడగ, తలగడ... గుణింతం, ఒత్తు లేని ఉత్త అక్షరాలతోనే ఎన్ని మాటలున్నాయో కూర్చుని రాసుకుంటే పేజీ నిండింది. అ ఆ ఇ ఈ లు పదహారూ అయిపోతే గానీ క రాకూడదన్న వరసలో పోయుంటే ఈ మాటలన్నీ ఏడాది తర్వాత.

అక్షరాలాటలో గుడి గుర్తు దాకా వచ్చాక, ఒక ఆదివారం పాపను బస్టాండుకు తీసుకుపోయాను. బస్సుల ముందు బోర్డులు చదవడానికే. కడప ఎక్కడున్నా పట్టేసింది. కదిరి బస్సు ఒకటి ఆగి ఉంది. "క... ది... రి..." అని కూడబలుక్కుని, "కదిరి అంటే ఏంది నాన్నా?" అంది. ఏమిటో తెలియని మాటను అక్షరాలను బట్టి చదవడం అదే మొదలు. అక్కడి నుంచి ఎర్రముక్కపల్లి మీదుగా వస్తూ సి.పి. బ్రౌన్ గ్రంథాలయం దగ్గర బండి ఆపాను. 1820లో ఈ ఊరికి కొలువు మీద వచ్చి, పెద్దయ్యాక తెలుగు నేర్చుకుని, వేమన పద్యాలు అచ్చు వేయించిన బ్రౌన్ బంగళా ఉన్న తావు అది. బోర్డు మీద సి, పి రెండూ పాప చదివింది. బ్రౌన్ చదవలేదు. బ కింద ఉన్న వంకీ చూపించి "ఇది మనింట్లో ఉందా?" అని అడిగింది. ఉంది, ఒత్తుల సంచిలో. అప్పటికి ఆ సంచి విప్పలేదు.

ఆ ఒత్తుల సంచి గురించి చెప్పాలి. కంపెనీ కాగితంలో దాన్ని అన్నిటికన్నా చివర, ఆరో నెలలో తీయమని ఉంది. స్కూళ్ళలోనూ అంతే, ఒత్తులు ఆఖరు. కానీ పిల్ల నోట్లో మొదట పలికే మాటలు చూడండి: అమ్మ, నాన్న, అక్క, అన్న, అత్త, అవ్వ. అన్నిటికీ ఒత్తులే. అంటే అక్షరాలన్నీ వచ్చినా, గుణింతాలన్నీ వచ్చినా, ఇంకా అమ్మ అన్న మాట చదవడానికి ఉండదు. మా ఇంట్లో పాప మొదట చదివిన మనిషి జేజి. జ కి తలకట్టు లేదు, తీసే పని లేదు, ఏత్వం ఒకటి, గుడి ఒకటి, అయిపోయింది. మా అమ్మ ఆ రెండు ముక్కలను పలక మీద నుంచి తీయనివ్వలేదు ఒక పూటంతా. మా ఆవిడ చూసి నవ్వింది గానీ రాత్రి నాతో, "నన్నెప్పుడు చదువుతుందో" అంది.

మర్నాడే సంచి విప్పాను. అన్నీ కాదు, మ, న, క, త, వ, డ, ర ఒత్తులు ఏడు మాత్రమే. డ ఒత్తు చూసి పాప వెంటనే కనిపెట్టింది: "డ కింద బుజ్జి డ!" వ కూడా అంతే. మ ఒత్తు దగ్గర మాత్రం మొహం ముడుచుకుంది. అది మ లాగా ఉండదు కదా. క, త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలిక ఉండదు, వాటిని విడిగా చూసి గుర్తుపెట్టుకోవాల్సిందే. కంపెనీవాళ్ళు ఒక మంచి పని చేశారు: ఏ అక్షరానికి ఏ రంగో దాని ఒత్తుకూ అదే రంగు. ఎర్ర మ కింద ఎర్ర ఒత్తు. రంగు ఆసరాతో వారం రోజుల్లో అమ్మ వచ్చింది. అ, మ, దాని కింద ఒత్తు పెట్టి మా ఆవిడను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించింది. మీరు కొంటే ఒత్తుల సంచిని ఆరు నెలలు మూసిపెట్టకండి.

గుర్తుల్లో ఒక పెద్ద తప్పుంది. కొమ్ము ముక్క ఒకే రకం ఇచ్చారు, అక్షరానికి కుడిపక్కన అంటేది. కు, గు, ను అన్నిటికీ అది సరే. పు, ఫు, వు లకు కొమ్ము కిందినుంచి రావాలి. వ పక్కన కొమ్ము పెడితే చూడ్డానికి మ అయిపోతుంది, అందుకే మన పెద్దలు దాన్ని కిందికి దించారు. పాప ఆవు చేద్దామని ఆ పెట్టి, వ పెట్టి, కొమ్ము పెట్టి, వేలు పెట్టి చదివితే "ఆమ" అని వచ్చింది. "ఆమ కాదు, ఆవు చేసినా!" అని ఏడుపు. తప్పు పిల్లది కాదు. షాపులో అయస్కాంతపు షీటు ముక్క ఉంటే కత్తిరించి కిందికి దిగే కొమ్ములు మూడు చేసి తెచ్చాను. తెలుగు అక్షరాల సెట్టు తయారుచేసేవాళ్ళకు ఈ సంగతి తెలియకపోవడం నాకు బాధగా ఉంది.

ఇక బొమ్మ కార్డులు. ఇది నా పని కాబట్టి చెయ్యి పెట్టగానే తెలిసింది: అట్ట పలచన, మెరిసే గ్లాసీ లామినేషన్. ట్యూబులైటు వెలుతురులో కార్డు తళతళ మెరుస్తుంది, అక్షరం కనపడదు, పిల్ల తల అటూ ఇటూ తిప్పుకోవాలి. మూలలు కోసుగా ఉన్నాయి, గుచ్చుకుంటాయి. ఫాంటు పెళ్ళిపత్రికలకు వాడే అలంకారాల రకం. చెక్క అక్షరం ఒక తీరు, కార్డు మీద అదే అక్షరం ఇంకో తీరు.

అది సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది మాటల సంగతి. కార్డు మీద బొమ్మ చూసి దాని మొదటి అక్షరం పక్కన పెట్టాలి, వెనక జవాబు ఉంటుంది. ఎర్రగడ్డ బొమ్మ వచ్చింది. పాప ఏమాత్రం ఆలోచించకుండా తీసుకెళ్ళి ఎ పక్కన పెట్టింది. తిప్పి చూస్తే వెనక ఉ, ఉల్లిపాయ. ఉర్లగడ్డ బొమ్మను ఉ పక్కన పెట్టింది. వెనక బ, బంగాళదుంప. తెల్లగడ్డను త దగ్గర పెడితే వెనక వెల్లుల్లి. ఎనుము బొమ్మను ఎ దగ్గర పెడితే వెనక గేదె. నాలుగు కార్డులు వరసగా తప్పు. పాప నా మొహం చూసింది. నోటుబుక్కులో ఎర్ర ఇంకు గీత చూసినప్పుడు పెట్టే మొహం అది. మా అమ్మకు కోపం వచ్చింది: "ఎర్రగడ్డ గాక మరేంది నాయనా అది? పిల్ల సరిగ్గానే చెప్పింది గదా."

నిజంగానే పిల్ల సరిగ్గా చెప్పింది. తను రోజూ పలికే మాట తీసుకుంది, ఆ మాటలో మొదటి శబ్దాన్ని విడదీసింది, దానికి సరిపోయే అక్షరం వెతికి పట్టుకుంది. చదవడానికి కావాల్సిన పని అంతా అదే. అంత పనీ చేసిన పిల్లకు కార్డు తప్పని చెప్పింది. మన సీమలో ఎన్ని ఇళ్ళలో ఎంతమంది పిల్లలు ఇలాంటి కార్డుల ముందు మన మాటలే తప్పనుకుని నోరు మూసుకుంటున్నారో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఉల్లిపాయ అన్న మాటా నేర్చుకోవాలి, కాదనను. ముందు ఇంటి మాటతో చదవడం రానీ, ఆ తర్వాత ఊరి బయటి మాట.

ఆ రాత్రే మా వంటింట్లో ఎర్రగడ్డల బుట్ట, ఉర్లగడ్డ, తెల్లగడ్డ, శెనక్కాయలు, చేట, జేజి చెప్పులు, అన్నీ ఫోన్‌తో ఫోటోలు తీసుకున్నాను. మర్నాడు షాపులో నలభై కార్డులు వేశాను. 300 జీఎస్ఎం మందపాటి అట్ట, మెరుపు లేని మ్యాట్ లామినేషన్, మూలలు గుండ్రంగా కోసి. అక్షరాలకు మండలి ఫాంటు వాడాను. ఉచితంగా దొరుకుతుంది, గీత శుభ్రంగా ఉంటుంది, తలకట్టు, గుడి స్పష్టంగా విడిగా కనపడతాయి. అన్నీ కలిపి ఖర్చు మూడున్నర వందలు. కంపెనీ కార్డుల్లోంచి ఌ, ౡ, ఙ, ఞ లు నాలుగూ తీసి బీరువాలో పెట్టేశాను. వాటితో మొదలయ్యే మాటే లేనప్పుడు ఐదేళ్ళ పిల్లకు వాటితో ఏం పని?

గరుకు కార్డులు పది బాగున్నాయి. ఉప్పు కాగితంతో కోసిన అక్షరం మీద వేలు నడిపించడమే ఆట. ఈ పద్ధతి మారియా మాంటిస్సోరిది. ఆమె 1907లో రోములో పేదపిల్లల కోసం మొదటి బడి తెరిచారు, 1939లో మన దేశానికి వచ్చి మద్రాసులో ఏళ్ళ తరబడి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. మనకూ ఇది కొత్తేం కాదు. అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలో బియ్యం పోసి వేలు పట్టి దిద్దిస్తాం, పాత వీధిబడుల్లో ఇసుకలో దిద్దించేవాళ్ళు. ఆ వేలి గుర్తు ఒక్క రోజు పూజతో ఆపేసి మర్నాడు పెన్సిల్ ఇవ్వడమే మనం చేస్తున్న పొరపాటు. కార్డులు పదే ఇచ్చారు కాబట్టి మిగతా అక్షరాలకు మా అమ్మ పళ్ళెంలో బొంబాయి రవ్వ పోసి ఇచ్చింది.

పుస్తకాలు పదీ నిరాశపరిచాయి. ఎనిమిది పేజీలవే గానీ మూడో పేజీకే రెండు లైన్ల వాక్యాలు, సంధులు కలిపిన పొడుగు మాటలు. వాటి బదులు ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ సైటులో తెలుగు కథలు చూడండి. మొదటి లెవెల్ కథల్లో పేజీకి ఒకటి రెండు చిన్న వాక్యాలే ఉంటాయి. ఎవరైనా ఉచితంగా దింపుకుని ప్రింటు తీసుకునే లైసెన్సుతోనే పెట్టారు, కాబట్టి నా షాపులో నిశ్చింతగా ప్రింటు వేసిస్తున్నాను. సికింద్రాబాదులోని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళవి కూడా తక్కువ ధరకు బాగుంటాయి. యాప్ గురించి రాయడానికి పెద్దగా లేదు. మూడు పాఠాల తర్వాత డబ్బులు కట్టమంది, తీసేశాను. పాచికలాట పటం మాత్రం పరమపద సోపానం పటం మాదిరే, గడికో అక్షరం. కరెంటు పోయిన రాత్రులు నలుగురం కూర్చుని ఆడాం. నిచ్చెన ఎక్కాలంటే ఆ అక్షరంతో ఒక మాట చెప్పాలి. మా అమ్మ చెప్పే మాటలు నాకే కొన్ని కొత్త.

కేంద్ర విద్యాశాఖ 2023 ఫిబ్రవరిలో జాదూయి పిటారా అని మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం ఇలాంటిదే ఒక పెట్టె విడుదల చేసింది, బొమ్మలు, పజిళ్ళు, కథలు, కార్డులతో. ఆడుతూ నేర్చుకోవడమే ఆ వయసుకు తగిన చదువని ప్రభుత్వమే చెప్తోంది. మన ప్రైవేటు స్కూళ్ళలో ఎల్‌కేజీ పిల్లలకు రోజుకు రెండు పేజీల రాత ఎందుకో తల్లిదండ్రులం గట్టిగా అడగాలి. నేను అడిగాను. పాప టీచరమ్మ నొచ్చుకోలేదు. పాపకు రాత ఒక పేజీ తగ్గించింది, నేను వేసిన కార్డులు ఒక సెట్టు తరగతికి తీసుకుంది.

ఇప్పుడు పాపకు ఐదేళ్ళు దాటాయి. రోజుకు పది పదిహేను నిమిషాలు, అదీ తను అడిగితేనే పెట్టె తీశాం. మొదటి లెవెల్ కథలు వేలు పెట్టి చదువుతుంది. యా, క్ష, ఋ దగ్గర ఆగుతుంది. చ, ఛ లు, ద, ధ, థ లు ఇంకా కలిపేస్తుంది. ఛ, ధ, థ లాంటి ఒత్తి పలికే అక్షరాలకు నేను తొందర పడటం లేదు.

కొనేవాళ్ళకు రెండు మాటలు. ఇంట్లో మూడేళ్ళలోపు పిల్లలుంటే ఈ పెట్టె అందకుండా పెట్టండి. అక్షరాల్లో అయస్కాంతం చెక్క లోపల పొదిగి ఉంది, ఊడదు. గుడి, తలకట్టు ముక్కలు మాత్రం గోరంత ఉంటాయి. పక్కింటి ఏడాదిన్నర బాబు ఒకటి నోట్లో వేసుకుంటే మా ఆవిడ చూసి వేలితో తీసింది, ఆ రోజు అందరికీ టెన్షనే. రెండోది, షాపులోనే మూత తీయించి ముక్కలు లెక్కపెట్టుకోండి. మా పెట్టెలో ళ ఒక్కటి కూడా లేదు, దాని బదులు శ నాలుగున్నాయి. పెట్టె మీది నంబరుకు వారం రోజులు ఫోన్ చేశాను, ఎత్తలేదు. రెండు మెయిళ్ళు పెట్టాను, జవాబు లేదు. షాపాయన పెట్టె మారుస్తానన్నాడు గానీ ఇంకో పెట్టె ఆయన దగ్గర లేదు.

చివరికి బైండింగ్ అట్ట రెండు పొరలు అంటించి, ళ నేనే కోసి, పాపతో రంగు వేయించి, వెనక అయస్కాంతపు షీటు అతికించాను. ఆరిందాకా ఆగలేక పాప దాన్ని తీసుకుపోయి తా పక్కన పెట్టి, సున్న చేర్చి, తాళం అని చదివింది. ఆ తర్వాత నా చొక్కా జేబులోంచి షాపు తాళంచెవి తీసుకొచ్చి దాని పక్కన పెట్టింది.